అంగుళానికి పదిహేడు వందల ఎకరాలు: కొల్లేరు, ఉప్పుటేరు – ఒక డ్రెయినేజీ ఇంజనీరు కేస్ స్టడీ

కొల్లేటి లంకల్లో ఏ టీకొట్టు దగ్గర కూర్చున్నా పది నిమిషాల్లో 'కాంటూరు' అన్న మాట చెవిన పడుతుంది. బడి గడప తొక్కని వాళ్లు కూడా ఆ మాటను మా ఇంజనీర్లకన్నా ధాటిగా వాడతారు. "మాది ప్లస్ ఐదులో పోయిందండి." "వాళ్లది ప్లస్ మూడులోపేనండి, అయినా చెరువు తవ్వేశారు." సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున సరస్సు చుట్టూ కాగితం మీద గీసిన గీత అది. ఆ గీత లోపలున్న 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం. గీతను మూడడుగులకు దించితే మిగిలేది 135.

ఈ పనుల్లో చేరిన కొత్తలో ఒక రాత్రి కరెంటు పోయి, ఊసుపోక ఆ రెండు అంకెలతో లెక్క వేశాను. తేడా 173 చదరపు కిలోమీటర్లు. ఎత్తులో తేడా రెండడుగులు, అంటే 24 అంగుళాలు. భాగిస్తే అంగుళానికి ఏడు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, ఎకరాల్లో దాదాపు 1,780. నేల వాలు అంతటా ఒకేలా ఉండదు కాబట్టి ఇది సగటు లెక్కే. అయినా మర్నాడు ఎత్తులు కొలిచే లెవెలింగ్ స్టాఫ్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడి కర్ర బురదలోకి దిగబడుతుంటే నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ కర్ర అడుగున మడమంత మట్టి అంటుకుంటే చాలు, ఒక ఊరి పొలాలన్నీ గీతకు ఈ పక్క నుంచి ఆ పక్కకు మారిపోతాయి.

ఆ తర్వాత చాలా ఏళ్లు కొల్లేరులోకి వచ్చే డ్రెయిన్లు, బయటికి పోయే ఉప్పుటేరు చుట్టూ తిరిగాను. కాంటూరు గొడవలో కోర్టులు, కమిటీలు, అసెంబ్లీ అందరూ ఉన్నారు. నా కేసు దాని గురించి కాదు. నీళ్లు పోయే దారి గురించి.

కట్ట లేదు, కలుజు లేదు

కొల్లేరును చెరువనుకుంటే మొదటి అడుగులోనే తప్పటడుగు వేసినట్టు. చెరువుకు కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, నిండితే కలుజు పారుతుంది. కొల్లేరుకు ఇవేవీ లేవు. కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ నడుమ మిగిలిపోయిన పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా రెండు డెల్టాల మురుగు కాలువలు అరవైకి పైగా అందులో కలుస్తాయి. దాదాపు 4,700 చదరపు కిలోమీటర్ల మీద పడిన వాన చివరికి చేరేది అక్కడికే. పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. మెలికలు తిరుగుతూ సుమారు 60 కిలోమీటర్లు పోయి సముద్రంలో కలుస్తుంది.

సరస్సు అడుగుభాగం సముద్ర మట్టానికి ఇంచుమించు సమానం. కాబట్టి ఉప్పుటేరుకు వాలు అనేది పేరుకే. సముద్రం పాటులో ఉన్నప్పుడు నీళ్లు దిగుతాయి, పోటు వస్తే ఆగుతాయి, అమావాస్య పున్నాలకు ఎగదన్నుతాయి. పెద్ద వరదలో కొల్లేటికి లక్ష క్యూసెక్కులపైన రావచ్చని లెక్కలు చెబుతాయి. ఉప్పుటేరు ఒళ్లు బాగున్న రోజున కూడా అందులో ఐదోవంతు మోయలేదు. మిగతా నీళ్లు ఎక్కడుంటాయి? పరుచుకుంటాయి. పరుచుకోవడమే కొల్లేరు పని. నడక ఆపకుండానే నెమ్మదించిన ఏరు అనుకోండి.

మన పెద్దలకు ఇది తెలియని సంగతేమీ కాదు. కొల్లేటికోటలో గజపతుల కోట ఉండేదని, దాన్ని పట్టలేక శత్రువులు ఒడ్డున చిగురుకోటలో దిగి, సరస్సు నీళ్లు సముద్రంలోకి పోయేట్టు ఉప్పుటేరు తవ్వించబోయారని ఒక కథ. కోటలోని సేనాపతి గెలుపు కోసం తన కూతురినే బలిచ్చాడని, అందుకే ఆ పాయకు పేరంటాళ్ల కనుమ అన్న పేరు వచ్చిందని చెబుతారు. చరిత్రగా ఎంత నిలుస్తుందో గానీ, డ్రెయినేజీ పాఠంగా మాత్రం భేషుగ్గా ఉంటుంది. కొల్లేటిని గెలవాలంటే లోపలికి దిగనక్కర్లేదు, గొంతు దగ్గర పట్టుకుంటే చాలు.

ఒకరు చేసింది ఇంకొకరికి

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. డెల్టా వరి పండింది, పండాక మిగిలిన నీళ్లు కొల్లేటికి చేరాయి. అంతకుముందు వానాకాలం నిండి వేసవిలో తగ్గే సరస్సుకు ఇప్పుడు కాలువల సీజనంతా మురుగు వస్తుంది, వెంట ఒండ్రు వస్తుంది. ముంపు పెరిగింది. 1960ల వరదల తర్వాత మిత్రా కమిటీ వేశారు. 1968లో డెల్టా రైతుల మీద డ్రెయినేజీ సెస్సు వేస్తూ చట్టమే తెచ్చారు. డ్రెయిన్లు వెడల్పు చేసి, ఉప్పుటేరు తవ్వితే ముంపు తగ్గుతుందన్నది ఆలోచన. తగ్గింది కూడా. అయితే డ్రెయిన్లు బాగుపడిన కొద్దీ వరద నీళ్లు కొల్లేటికి ముందుకన్నా తొందరగా చేరతాయి. ఉప్పుటేరు బాగుపడిన కొద్దీ వేసవిలో సరస్సు ముందుకన్నా తొందరగా ఎండుతుంది. ఎండిన నేల కనిపిస్తే మనిషి ఊరుకుంటాడా?

లంకల్లో ముందు నుంచీ రెండు బతుకులుండేవి. నీళ్లున్న నెలల్లో దోనెలు, చేపలు పట్టే మావులు, వలలు. నీళ్లు తీసిన నెలల్లో ఆ తడి మీదే దాళ్వా వరి. కొర్రమీను, వాలుగ, మట్టగిడస, జెల్ల, వాటితోపాటు సముద్రం నుంచి ఉప్పుటేరు వెంట ఎగబాకి వచ్చే చేపలూ రొయ్యలూ. 1970ల నడుమ ప్రభుత్వమే పేద మత్స్యకారులకు, దళితులకు సొసైటీలు పెట్టించి చేపల చెరువులు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. ఐదారేళ్లు తిరక్కుండానే కట్ల, శీలావతిలో డబ్బుందని బయటివాళ్లకు తెలిసింది. పెట్టుబడి వాళ్లది, లీజు వాళ్లది, సొసైటీ కాగితం లంక మనిషిది. 2001లో తీసిన ఉపగ్రహ చిత్రాల్లో సరస్సులో 40 శాతం దాకా నలుచదరపు గళ్లే కనిపిస్తాయి.

1999 అక్టోబరులో అభయారణ్యం, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలలను చేర్చే రామ్‌సర్ జాబితా. ఆ జాబితాలో లెక్కకు తీసుకున్నది ప్లస్ పది కాంటూరు దాకా 901 చదరపు కిలోమీటర్లు. 2006 మొదట్లో సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ చెప్పిన మీదట అధికారులు పొక్లెయిన్లతో, పేలుడు మందుతో గట్లు తెగ్గొట్టారు. నేను చూసిన మేరకు గట్టు పోయినందుకు మొదట ఏడ్చింది లంక మనిషి. మళ్లీ కట్టినప్పుడు గట్టు మీద నిలబడి కూలీల లెక్క చూసుకుంటున్నది వేరే మనిషి. 2008లో అసెంబ్లీ కాంటూరును మూడుకు తగ్గించాలని తీర్మానించింది. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ అందుకు ఒప్పుకోలేదు. గీత లోపల దాదాపు 15 వేల ఎకరాల జిరాయితీ భూమి, అంటే రైతుల సొంత పట్టా భూమి ఉంది. దాని పరిహారం మాట ఎత్తితే అందరూ అవతలివాళ్ల వైపు చూస్తారు.

గట్ల లెక్క

చేపల చెరువు వల్ల సరస్సుకు నష్టం అంటే మేత, మందులు, మురుగు అని చాలామంది చెబుతారు. అదీ నిజమే, తవుడూ చెక్కా కుళ్లిన నీళ్ల వాసన తెలియని వాళ్లు కైకలూరు ప్రాంతంలో ఉండరు. నా కళ్లకు ముందు కనబడేది గట్టు. చెరువులో నీళ్లే కదా ఉన్నాయి, నీళ్లున్నచోట నీళ్లుంటే నష్టమేమిటని ఒక పెద్ద రైతు నన్ను నిలదీశాడు. మంచి ప్రశ్న.

జవాబు మళ్లీ అవే అంకెల్లో ఉంది. మూడడుగులకూ ఐదడుగులకూ మధ్య సరస్సు సగటు విస్తీర్ణం 220 చదరపు కిలోమీటర్లు అనుకుంటే, రెండడుగుల మందాన పట్టే నీరు దాదాపు 4.7 టీఎంసీలు. ఉప్పుటేరులో రోజంతా 12 వేల క్యూసెక్కులు పారితే దిగేది టీఎంసీకి కాస్త పైన. అంటే ఆ రెండడుగుల ఖాళీ మనకు నాలుగున్నర రోజుల గడువు ఇస్తుంది. చెరువు ముందే నిండి ఉంటుంది, గట్టు వేసుకున్నదే వరద లోపలికి రాకూడదని. కాబట్టి గట్టు వెనక ఉన్న నీరు కొల్లేటి ఖాతాలో లేనట్టే. ఖాళీ తగ్గిన కొద్దీ గడువు తగ్గుతుంది. ఆ నీళ్లు పైకెక్కి మండవల్లి పొలాల్లోనో ఏలూరు పల్లాల్లోనో గడువు వెతుక్కుంటాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. వంద ఎకరాల చెరువు ఓ మూలన ఉంటే పోయేది ఖాళీ మాత్రమే. పాతిక ఎకరాల చెరువు డ్రెయిను నోటికి అడ్డంగా ఉంటే వెనక ఉన్నదంతా ఎగదన్నుతుంది. కాంటూరు మ్యాపులో రెండిటికీ రంగు ఒకటే.

మా పని, నా తప్పు

ఇక అసలు కేసు. ఉప్పుటేరు ఎగువ భాగంలో కొంత దూరం గుర్రపుడెక్క, తూడు తీయించి, చేపల కోసం ఏటికి అడ్డంగా కట్టిన వలకట్లు తొలగించి, నీటి మట్టాలు రాసే పని మా మీద పడింది. గుర్రపుడెక్క తీసే టెండర్లు ఆఫీసులో తెమిలేసరికి ఎప్పటిలాగే ఆగస్టు వచ్చింది. ఏప్రిల్‌లో నేల మీద నిలబడి చేయాల్సిన పని, వానలో పడవ మీద నిలబడి చేయాలి. బిల్లు మాత్రం ఏప్రిల్ రేటుకే.

మా వెంట ఒక లష్కరు, అంటే కాలువ కాపలా చూసే ఉద్యోగి, ఉండేవాడు, రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. వంతెన దగ్గర గేజి రాయి చూసి నేను మట్టం రాసుకుంటుంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇటు పక్క చూస్తే ఎలాగండి, అటు పక్క కూడా చూడాలండి."

వంతెన దిగువ వైపుకు వెళ్లి చూశాను. ఎగువ కన్నా నీళ్లు జానెడు కిందున్నాయి. ఖానాలకు, అంటే వంతెన కింద నీళ్లు పారే సందులన్నిటికీ, గుర్రపుడెక్క అడ్డం పడి చాపలా అల్లుకుంది. దాని మీద కొంగలు నడుస్తున్నాయి. నడవడం అంటే నిజంగానే నడక, కాలు తడవకుండా. పైన కనిపించేది మూరెడు ఎత్తు ఆకులు. వెదురు గడ పెట్టి పొడిస్తే కింద వేళ్లు, కుళ్లు, చిరిగిన వలలు, థర్మాకోల్ ముక్కలు గడ పొడవునా తగిలాయి. ఆ ఖానాల కింద నీళ్లకు మిగిలిన సందు ఎంతో ఎవరూ కొలవలేదు, మా దగ్గరున్న కాగితాల్లో వంతెన పూర్తి ఖానాలతో నీళ్లు వదులుతున్నట్టే ఉంది. ఎగువన జానెడు అంటే మొదట వేసిన లెక్క ప్రకారం ఎన్ని వేల ఎకరాలో మీరే గుణించుకోండి.

నాకు ఆవేశం వచ్చింది. రెండు పొక్లెయిన్లు, నలభై మంది మనుషులను దింపి రెండు రోజుల్లో ఆ వంతెన ఖానాలు తెరిపించాను. తీసిన డెక్కను గట్టుకు లాగాలంటే టైమ్ పడుతుంది, కాబట్టి కోసి దిగువకు వదిలేయమన్నాను. నీళ్లు గలగలా పారుతుంటే ఫొటోలు తీసుకున్నాం. లష్కరు ఏదో చెప్పబోయాడు, నేను వినే మూడ్‌లో లేను.

మూడో రోజు తెల్లవారకముందే ఫోను. వదిలేసిన డెక్క అంతా పోయి దిగువ వంతెనకు బిగుసుకుంది. అక్కడ ముందే ఉన్నదానికి ఇది తోడైంది. రెండు వంతెనల మధ్య పొలాలకు గట్లు తక్కువ. మేం విడిచిన నీళ్లు, మేం విడిచిన డెక్కకు అడ్డపడి, నాట్లు వేసి వారం కూడా కాని చేల మీదకు వచ్చాయి. ఒక ఇల్లాలు చేతిలో కుళ్లిన నారు కట్ట పెట్టుకుని మా జీపు ముందు నిలబడింది. తిట్టలేదు. "ఇది ఎక్కడ పారేయమంటారు బాబూ?" అని అడిగింది.

డ్రెయిను పని దిగువ నుంచి ఎగువకు చేసుకుంటూ రావాలి. ఈ మాట పుస్తకంలో ఉంది, పరీక్షలో రాశాను కూడా. సముద్రం వైపు నోరు ముందు తెరవాలి, ఆ తర్వాత గొంతు, ఆఖరున పొట్ట. కానీ గొడవ ఎక్కడ వినబడితే అక్కడ మొదలుపెట్టడం మనందరికీ అలవాటు. ఎగువ రైతు ఆఫీసుకు దగ్గర, ఫోను ఆయన చేస్తాడు. ఆ తర్వాతి ఏడాది పని వరుస మార్చాం. కింద వంతెన ముందు, తీసిన డెక్క గట్టుకే, వలకట్లు తీయడానికి మత్స్యకార పెద్దలతో ముందే మాట. వలకట్టు తీసినవాడికి ఆ సీజను నష్టం గురించి ఏం చేస్తామో చెప్పకుండా తీయమంటే పగలు తీసి రాత్రి కడతాడు, అది సహజం. మేము ఇవ్వగలిగింది తక్కువే. అయినా వరద నెలల్లో నడిపాయ వదిలి, రెండు ఒడ్ల దగ్గర మాత్రం వల వేసుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ ఏడు వంతెనకు అటూ ఇటూ మట్టంలో తేడా బెత్తెడు లోపే ఉండింది.

విజయమని రిపోర్టు రాశాను. రిపోర్టులో లేనిది వేసవిలో తెలిసింది.

ఉప్పు

ఏప్రిల్‌లో ఒక లంక ఊరికి వెళ్లాను. దోనె కట్టేసిన రేవు దగ్గర ఒక ముసలాయన నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకుని, నా వైపు చెయ్యి చాపి "మీరూ చూడండి" అన్నాడు. చూశాను. చవుడు.

"ఏరు బాగుచేశారంట కదండీ. నీళ్లు బాగా పోయినాయి. ఇప్పుడు సముద్రం కూడా బాగా వస్తందండి."

కొల్లేరు నిండుగా ఉన్నప్పుడు లోపలి బరువు పోటును తోసేస్తుంది. లోపల మట్టం తగ్గితే పోటు ఉప్పుటేరు వెంట ఎగబాకుతుంది. మేం అడ్డంకులు తీసినది నీళ్లు పోవడానికి, కానీ తెరిచిన దారిలో రాకపోకలు రెండూ జరుగుతాయి. పైగా ఎగువ చెరువులవాళ్లు వేసవిలో కాలువ నీళ్లు ముందే ఎక్కించుకుంటారు, సరస్సుకు చేరేది తగ్గుతుంది. చుట్టూ వందల చదరపు కిలోమీటర్ల మంచినీటి సరస్సు అని పుస్తకాల్లో ఉన్న ఆ ఊళ్లోకి ఆ పూటే ఇరవై లీటర్ల టిన్నులతో ఆటో వచ్చింది. ముసలాయన రెండు టిన్నులు దింపించుకున్నాడు.

ఉప్పుటేరు మీద గేట్లతో రెగ్యులేటర్లు కట్టాలన్నది పాత ప్రతిపాదన. వానాకాలం ఎత్తాలి, వేసవిలో దించాలి. సూత్రం సరే. గేటు ఎవరి చేతిలో ఉంటుందన్నది అసలు చిక్కు. వరి రైతుకు మట్టం తక్కువ కావాలి, చేపలవాళ్లకు ఎక్కువ కావాలి. వలస చేపకు దారి కావాలి, ఆటపాక గూడబాతులకు లోతు తక్కువ నీళ్లు కావాలి. లంకలవాళ్లకు తాగే నీళ్లు కావాలి. గేటు ఎత్తే రోజును ఇంతమందితో కూర్చుని ముందే తేల్చుకోకపోతే, ఎవరి ఫోను ముందు మోగితే వాళ్ల వైపు ఎత్తుతారు. నా జీపు ఎగువ వంతెన దగ్గరకు ముందు వెళ్లినట్టే.

2024 సెప్టెంబరు

బుడమేరు సహజంగా కొల్లేటి ఏరు. మైలవరం వైపు కొండల నీళ్లు తెచ్చి, విజయవాడ పక్కగా వచ్చి కొల్లేట్లో పడుతుంది. ఊరికి ముంపు తప్పించడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, వరదను డైవర్షన్ కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలోకి మళ్లించే ఏర్పాటు చేశారు. కృష్ణకు వరద లేనప్పుడు అది చక్కగా పని చేస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది, అంతకు ముందెన్నడూ లేనంత. కృష్ణే నిండుగా ఉంటే బుడమేరును ఎవరు రానిస్తారు? డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి, విజయవాడలో సింగ్‌నగర్ ఇళ్లు మునిగాయి. టీవీలన్నీ అక్కడే ఉన్నాయి, ఉండాల్సిందే.

కొద్ది రోజులకు ఆ నీళ్లే మా వైపు వచ్చాయి. ఎడ్లగాడి దగ్గర ఏలూరు–కైకలూరు రోడ్డు మీదకు నీళ్లెక్కి రాకపోకలు ఆగాయి. అప్పటికి టీవీలవాళ్లు వెళ్లిపోయారు. బుడమేరు పాత దారిలో ఊరు పెరిగింది, కొల్లేటి పరుపు మీద చెరువులు పెరిగాయి. పైవాళ్లు మాకు కావలసినంత దారి లేదన్నారు, కిందివాళ్లు మాకు కావలసినంత జాగా లేదన్నారు. రెండూ నిజమే. డైవర్షన్ కాలువను ఎంత పెద్దది చేయాలో చర్చ మొదలైంది. ఉప్పుటేరు ఎంత మోస్తుందో నన్నెవరూ అడగలేదు, నేనూ అప్పటికి సర్వీసులో లేను.

కాంటూరు ఐదు దగ్గరే ఉండాలన్నది నా మాట. దించితే పోయే 4.7 టీఎంసీల ఖాళీని ఇంకెక్కడా తవ్వి తేలేం. కానీ ఐదులో ఉన్న ప్రతి గట్టునూ ఒకే కళ్లతో చూస్తే 2006 మళ్లీ వస్తుంది: ముందు పేదవాడి గట్టు తెగుతుంది, తర్వాత పెద్దవాడి గట్టు లేస్తుంది. ముందుగా డ్రెయిన్ల నోళ్లకు, ఉప్పుటేరు గొంతుకు అడ్డంగా ఉన్నవి తీయాలి, అవి ఎవరివైనా సరే. జిరాయితీ వాళ్లకు డబ్బు చేతిలో పడ్డాకే పొక్లెయిన్ దిగాలి. ఇందుకు కావలసిన మ్యాపు కాంటూరు మ్యాపు కాదు, నీళ్లు నడిచే దారుల మ్యాపు. అది గీయాలంటే వరదలో తిరగాలి.

మొన్న వేసవిలో పాత లష్కరును చూడ్డానికి వెళ్లాను. ఆయన ఇల్లు ఏటి గట్టు మీదే, రేవుకు దిగే మెట్లు ఇంటి వెనకే. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆయన నాకు వరద కబురు అడుగుల్లో చెప్పలేదు. "మూడో మెట్టు తడిసిందండి" అనేవాడు, నేను గుణించుకునేవాణ్ని. ఇద్దరం వంతెన దాకా నడిచాం. గేజికి కొత్తగా రంగు వేశారు, తెలుపు మీద ఎర్ర అంకెలు, చూడముచ్చటగా ఉన్నాయి. రెండు నుంచి మొదలయ్యాయి. సున్నా, ఒకటి పూడికలో ఉన్నాయి.

"రంగు వేసే కుర్రాడు నన్నడిగాడండి, కింద కూడా వేయాలా అని," అన్నాడు లష్కరు. "తవ్వుకుని వేసుకోమన్నాను."